పదకొండు వేషాల పెట్టె

పూర్ణా మార్కెట్ వెనక, కొబ్బరితాళ్లు అమ్మే సందులో
సోమినాయుడి రిపేరు కొట్టు.
బల్ల మీద రెండు గిటారు ఆంప్లిఫైయర్లు.
ఒకే కంపెనీ, ఒకే పేరు.
ఒకదాని నుదుట ఏమీ లేదు,
ఇంకోదాని నుదుట రెండు అని అంకె.

"ఇది ముందొచ్చింది, అది ఎనకొచ్చింది.
రెండూ ఒకలు వాడీసినవే. ఏది కావాలో నువ్వే సూసుకో"
అనేసి టంకం పొగలోకి మొహం తిప్పుకున్నాడు.

తెలియనివాళ్లకి చెబుతాను:
ఇవి పగటివేషగాళ్లు.
మీట ఒక్క గడి జరిపితే చాలు
ఎక్కడో మంచుదేశంలో
గాజుబుడ్లు వేడెక్కితేగానీ నోరు విప్పని
మణుగుల బరువు పెట్టెల గొంతు
తమదే అన్నట్టు పలుకుతాయి.
మొదటిదానికి పదకొండు వేషాలొచ్చు.
రెండోదానికి ముప్పై,
పైగా సొంత బుడ్డి కూడా ఒకటి,
జాలీ వెనక, చీకట్లో తెప్ప మీద బీడీలా.

నాకు వేషం కొత్త కాదు.
పగలు పోర్టులో ఇనుపరాయి బెల్టు పక్కన ఎర్రగా,
రాత్రి గాజువాక షామియానాల కింద
తళుకుల కోటులో
పదహారేళ్లుగా ఇంకెవరో వాయించిందే వాయిస్తున్నాను.
చప్పట్లు మాత్రం నాకే కొడతారు.

తీగ దూర్చి మొదటిదాన్ని మీటాను.
ఇంకా పాట రాకముందే ఒక రొద,
మా డ్యూటీ గదిలో ట్రాన్స్‌ఫార్మర్ రొదే,
అదే శ్రుతి.
నవ్వొచ్చింది.
తర్వాత కింది తీగ సాగి, కొంచెం చీరుకుపోయి,
కొట్టు రేకు మీదెక్కి కూర్చుంది.
రెండోది శుభ్రంగా పలికింది.
కొత్త పంతులమ్మలా, ఒత్తులన్నీ పలికింది.

అప్పుడు చూశాను.
మొదటిదాని సౌండు మీట చుట్టూ మూడు అంకె దగ్గర
గోళ్లరంగుతో ఒక చుక్క. ముదురు ఎరుపు.
"అదేటి?" అన్నాను.
"మింది స్టీల్‌ప్లాంటు ఆయనది. ఆళ్లావిడ పెట్టింది.
ఇక్కడికే, దాటితే ఊరుకోనని."
"మరి ఎందుకు అమ్మీసినాడు?"
సోమినాయుడు టంకం కడ్డీ తుడుచుకున్నాడు.
"నాను అడగలేదు."

మీట తిప్పి చూశాను.
మూడు దాకా నున్నగా తిరిగింది.
మూడు దాటాక కరకరలాడింది
ఎవరూ నడవని దారిలా.

ఆరువేలు, తొమ్మిదిన్నర.
జేబులో ఉన్నవి ఎనిమిది.
మొదటిదాని హెడ్‌ఫోను రంధ్రంలో సముద్రం తెల్లగా గడ్డకట్టుకుంది;
ఈ ఊళ్లో ఏ ఇనుమైనా ఉప్పుకి బాకీ.
మా ఇల్లు జ్ఞానాపురంలో,
ఒకే గది, ఒకే కిటికీ.
కేజీహెచ్‌లో నైటు చేసొచ్చి
హెప్సిబా పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండు దాకా పడుకుంటుంది.
నా చేతులు ఖాళీగా ఉండేదీ అప్పుడే.

చెవి మొదటిదాన్ని అడిగింది.
గది రెండోదాన్ని అడిగింది.
గదే గెలిచింది.
ఎనిమిదికి అతను ఒప్పుకోలేదు,
మిగిలింది నెలాఖరుకని గుర్తింపు కార్డు తాకట్టు పెట్టాను.

బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని
కాన్వెంటు జంక్షన్ దాకా తిట్టుకుంటూనే ఉన్నాను.
ఆ చుక్కని ఎవడో పిల్లాడు కొంటాడు,
గోకి పారేస్తాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె డ్యూటీకి జడేసుకుంటోంది.
ముప్పై వేషాలూ వినిపించాను.
ఇరవై దాకా ఓపిక పట్టి
"ఇందులో నువ్వెవడివి?" అంది.

చుక్క సంగతి చెప్పాను.
ఏమీ అనలేదు. పెట్టె తెరిచి వెతికింది.
ఆసుపత్రిలో గోళ్లరంగు కుదరదు,
ఉన్న ఒక్క సీసా క్రిస్మస్‌ది, అడుగంటింది.
కుంచె గోకి గోకి
అయిదు దగ్గర పెట్టింది.
"అంతెందుకు?" అన్నాను.
"నేను లేనప్పటికి," అంది, చెప్పులు తొడుక్కుంటూ.

రంగు ఆరేదాకా
మీట ముట్టుకోలేదు.